దస్తీ మీది మచ్చ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పోయిన నెల ఇదే మందిరంలో నిలబడి నేను చెప్పిన సాక్ష్యంలో ఒక అబద్ధం ఉంది, దాన్ని ఒప్పుకోవడానికే ఈ రోజు వచ్చాను, తల ఎత్తి మీ ముఖాలు చూడలేకపోతున్నాను.

నేను కోరుట్లలో బీడీలు చుట్టుకొని బతికే మనిషినని మీకు తెలుసు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక హైదరాబాదులో రేడియో అయోడిన్ మందు మింగించి మూడు రోజులు ఒంటరి గదిలో పెట్టారు, ఆ మందు ఉమ్మిలోకీ చెమటలోకీ దిగుతుంది కాబట్టి గదిలో వాడిన బట్ట ఏదీ బయటికి తేవద్దని నర్సమ్మ మరీ మరీ చెప్పింది. అయినా పాస్టరయ్య ప్రార్థించి ఇచ్చిన చేతిగుడ్డను, ఆ దస్తీని వదల్లేకపోయాను. దానితోనే మూతి తుడుచుకున్నాను, దాన్నే జాకెట్లో దాచుకొని వారం తర్వాత స్కానింగుకు పోయాను. ఒంటి మీద ఏమైనా పెట్టుకున్నావా అని అడిగితే లేదన్నాను.

మింగిన మందు ఒంట్లో ఎక్కడ చేరిందో చూపించే ఆ స్కానింగులో ఛాతీ దగ్గర మచ్చ కనబడింది. ఊపిరితిత్తికి పాకిందేమో అన్నారు. ఫోన్‌లో మీకు చెప్పి ఏడిస్తే మీరంతా నా కోసం ఉపవాసం ఉన్నారు. "తండ్రీ, నా పిల్లల మొఖం జూసన్న నన్ను ఇడిసిపెట్టకు" అని నేను రాత్రంతా ప్రార్థించాను. మర్నాడు స్నానం చేయించి, దవాఖాన గౌను తొడిగి మళ్ళీ తీస్తే మచ్చ లేదు. నేను విడిచిన బట్టల మీద ఆ మందు జాడ పట్టే చిన్న మిషన్ తిప్పితే అది దస్తీ దగ్గర కూత పెట్టింది. "ఇది మందు కలిసిన నీ ఉమ్మి మరకేనమ్మా, ఊపిరితిత్తిలో ఏమీ లేదు" అన్నాడు డాక్టరు.

ఇక్కడికి వచ్చి నేను దస్తీ మీది మరక సంగతి మింగేసి, పాస్టరయ్య దస్తీ నా దగ్గరుండగా దేవుడు మచ్చను తుడిచేశాడని చెప్పాను. మీరు చప్పట్లు కొడుతుంటే నాకు బాగనిపించింది, అదే నా సిగ్గు.

ఆ సాక్ష్యం విని తంగళ్ళపల్లి నుంచి సరోజనక్క నా ఇంటికి వచ్చింది. ఆమె మెడలోనూ అదే గడ్డ, ఆపరేషన్‌కు తారీఖు కూడా ఇచ్చారు.

"నాకు గా ఆపరేషన్ వద్దు చెల్లె. నీ దస్తీ ఒక్కసారి నా మెడకు పెట్టు, గది సాలు" అంది.

ఆమె చేతులు పట్టుకొని జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"మరి దేవుడు నీకేం జేసిండు?" అంది.

"నా రోగాన్ని డాక్టర్ల చేతులతోటి తీసిండక్కా. గీ అబద్ధాన్ని ఇప్పుడు తీస్తుండు" అన్నాను.

"అయితే ఆపరేషన్ నాడు నా పక్కన కూసుంటవా?"

ఎల్లుండి ఆమెతో బయలుదేరుతున్నాను, నన్ను అసహ్యించుకున్నా సరే, ఆమె కోసం మోకరించండి. దేవుణ్ణి నమ్మండి, ఆయనకు నా అబద్ధం అక్కరలేదు. నా మాట విని మందులు మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కూడిక అయిపోగానే నా దగ్గరికి రండి, దవాఖానకు నేనే తోడొస్తాను. ఇంత చేసినా నన్ను తన సన్నిధిలో నిలబడనిచ్చిన దేవునికే మహిమ.