పెళ్ళి డిస్కులో గీతలు పోయాక

దయ్యాలూ శకునాలూ అంటే నవ్వే మనిషిని నేను. ఈ సంగతి జరిగాక కూడా మారలేదు. చూసింది చూసినట్టు చెబుతున్నాను, అంతే.

మాది బోగోలు దగ్గర పల్లె. పందొమ్మిదేళ్ళ క్రితం, అక్క పెళ్ళికి వారం ముందు, నాన్న ట్రాక్టరు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ముహూర్తం మార్చడానికి ఆయనే ఒప్పుకోలేదు. పెళ్ళి రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నెల్లూరు ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చుంది నేనే. తొడ దాకా సిమెంటు కట్టు. మంచం దిగలేదు. పెళ్ళికొడుకు కాళ్ళు బాబాయి కడిగాడు.

అందుకే నాన్న ఆ పెళ్ళి డిస్కు ఎన్నడూ చూడలేదు. మేం పెడితే లేచి గొడ్ల దగ్గరికి పోయేవాడు. మేం మాత్రం పాత డబ్బా టీవీలో పదిసార్లయినా చూసి ఉంటాం.

పోయిన వేసవిలో కొత్త పెద్ద టీవీ కొన్నాం. డిస్కు పాడైపోకముందే అందులో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌తో టీవీలో పెట్టాను. కదలని చోట బాగానే ఉంది. ఎవరైనా చెయ్యి ఊపితే మాత్రం అంచున దువ్వెన పళ్ళలా గీతలు. మేళం ముందు ఎగిరేవాళ్ళ ముఖాలే తెలియలేదు.

కావలిలో పెళ్ళి వీడియోలు తీసే మస్తాన్ అన్నను అడిగాను.

"అప్పట్లో ఒక్కో బొమ్మను రెండు ముక్కలుగా తీసినారు తమ్ముడూ. సరి గీతలు ఒక ముక్క, బేసి గీతలు ఇంకో ముక్క. నడుమ రెప్పపాటు తేడా. పాత టీవీ ఒకదాని తర్వాత ఒకటి చూపించేది. కొత్తదాంట్లో రెండూ ఒకేసారి పడతా ఉండాయి. కంప్యూటర్లో ఏ ముక్కకా ముక్కను పూర్తి బొమ్మ చేసుకో, పోతాయి."

అలాగే చేశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క పిల్లలతో వచ్చినప్పుడు పెట్టాను. పిల్లలు తాతను చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టారు.

గీతలు లేవు. బొమ్మ సాఫీగా సాగుతోంది. ఊరేగింపు వచ్చింది. డోలు వాయించే అతని పక్కన, తెల్ల చొక్కాతో, లుంగీ ఎగ్గట్టి, రెండు కాళ్ళ మీదా ఎగురుతూ నాన్న. నాలుగైదు సెకన్లు.

వెనక్కి తిప్పి పెట్టాను. నాన్నే.

"నేను పెళ్ళి రోజే నాన్నను అక్కడ చూసినాను. చెబితే నవ్వుతారని ఊరుకున్నా" అంది అక్క మెల్లగా.

నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని టీవీకి దగ్గరగా జరిగాడు. "ఏందిరా ఆ ఎగరడం, తాళమే కుదర్లా" అని పగలబడి నవ్వాడు. అక్క ఆయన భుజం మీద తల పెట్టి ఏడుస్తూనే నవ్వింది. పిల్లలు లేచి తాతలాగే ఎగరడం మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు చూశామో తెలియదు.

మర్నాడు ఆ డిస్కునే బాబాయి ఇంట్లో పాత టీవీలో వేసి చూశాను. డోలు అతని పక్కన ఖాళీ. కొత్త టీవీలో కనిపించింది నాన్న పోలికలున్న బాబాయేమో అనుకోవడానికీ లేదు, ఆయన అదే బొమ్మలో ఇటు పక్క గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు.

మస్తాన్ అన్న రెండూ చూశాడు. "కంప్యూటరు గీతల్ని సర్దుతాది, అంతే. లేని మనిషిని యాడ నుంచి తెస్తాది?" అన్నాడు.

ఊరేగింపు వేళకు ఆసుపత్రిలో నాన్న ఏం చేస్తున్నాడో గుర్తు చేసుకున్నాను. ముఖం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. అంతకుమించి నాకేమీ తెలియదు, ఇది ఎలా జరిగిందో ఇవాళ్టికీ చెప్పలేను.

నాన్నకు ఆ గొడవే లేదు. ఇంటికి ఎవరొచ్చినా టీవీ పెట్టమంటాడు. "మా పాప పెళ్ళి. అదిగో, డోలు పక్కన, నేనే" అని చూపిస్తాడు.