మోయెల్ షానీకి చాలని దిగుడు

బస్సు నడిపినన్నాళ్ళూ సెలవులన్నీ, రిటైరయ్యాక రోజులన్నీ ఇద్వల్ వంటింటి బల్ల మీద మ్యాపులు పరుచుకుని వాటి మీద వంగి గడిపాడు. వేల్స్‌లోని పెద్ద కొండల జోలికి అతను పోలేదు. వాటిని పట్టించుకునేవాళ్ళు బోలెడంతమంది. గొర్రెలకు తప్ప ఎవరికీ అక్కర్లేని చిన్న గుట్టలు అతనివి. ఒక గుట్ట మీద నుంచి దానికన్నా ఎత్తైన మరో కొండకు వెళ్ళాలంటే తక్కువలో తక్కువ ఎంత కిందికి దిగాలి? ముప్పై మీటర్లు దిగాల్సి వస్తే అది కొండ, అతను తయారుచేసే కొండల జాబితాలోకి ఎక్కుతుంది. అంతకు తగ్గితే పెద్ద కొండకు భుజం, అంతే. ఆ నియమం పెట్టింది ఇద్వలే, దాని బరువు మోస్తున్నదీ అతనే.

ఇప్పుడు విసుగొచ్చేసింది. కళ్ళు మండుతున్నాయి, మోకాళ్ళు మెట్లు దిగనివ్వవు, కొత్త కొలతలు వచ్చినప్పుడల్లా జాబితా మొదటినుంచి చూసుకోవాలి. ఈ ఏడాదితో మ్యాపులు మడిచి అటకెక్కించేద్దామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే మోయెల్ షానీ అనే కొండ అడ్డం పడింది.

ఆ కొండ రెండు మ్యాపులు కలిసే అంచున ఉంది. అప్పట్లో తూర్పు షీటులో కనిపించిన కనుమను పట్టుకుని దిగుడు లెక్కేశాడు, ముప్పై దాటింది, సంబరపడ్డాడు. పడమటి షీటు తీసి పక్కన పెట్టి చూడలేదు. ఇవాళ వేరే గుట్ట కోసం రెండూ కలిపి పరిస్తే అసలు సంగతి బయటపడింది. కొండ వెన్ను షీటు అంచు దాటి పడమటికి సాగింది. అక్కడ ఇంకాస్త ఎత్తులో ఇంకో కనుమ ఉంది. అటుగా పోతే పెద్ద కొండకు చేరడానికి అంత దిగనక్కర్లేదు. ఎత్తు గీతలు ఎన్నిసార్లు చూసుకున్నా దిగుడు ఇరవై ఏడు దగ్గరే ఆగింది.

కొలత పరికరం మోసుకుని తనతో కొండలెక్కే మెయిరిగ్‌కు ఫోన్ చేశాడు.

"ఈసారి ఎవరి కొండ పీకుతున్నావురా?" అన్నాడు మెయిరిగ్, పలకరింపు కూడా లేకుండా.

"మోయెల్ షానీ."

"అది నెస్టా గారి కొండ కదరా."

"తెలుసు."

"నా కొండని అరమీటరు తగ్గిందని తీసి పారేసినప్పుడు నీ గొంతులో ఇంత నీరసం లేదే."

"నీ కొండ కింద ఎవరూ ఎదురుచూస్తూ కూర్చోలేదురా."

"అయితే వదిలెయ్. ఆ రెండు షీట్లూ కలిపి చూసే తిక్కలోడు నువ్వు తప్ప ఇంకోడు లేడు."

"అదే కదా నా ఖర్మ," అని ఫోన్ పెట్టేశాడు.

మ్యాపులో పేరు లేని కొండ దొరికితే, దాని కింద గొర్రెలు పెంచేవాళ్ళని అడిగి రాసుకోవడం ఇద్వల్ పద్ధతి. ఈ పేరు చెప్పింది నెస్టా భర్త ఐవర్. మోయెల్ అంటే బోడికొండ; షానీ అంటే ఐవర్ తాత బండిని లాగిన గుర్రం, ముసలిదై ఆ కొండ మీదే పడిపోయింది. ఐవర్ కూడా పోయాక నెస్టా ఒక్కతే మిగిలింది. కొండ కిందికి వచ్చే సందు వాళ్ళ వాకిలి దగ్గరే ఆగిపోతుంది, ఊరికే పోయేవాళ్ళెవరూ అటు రారు. వచ్చేదల్లా జాబితా పట్టుకుని కొండలెక్కేవాళ్ళే. తలుపు కొట్టి, మోయెల్ షానీకి ఇటేనా అని అడుగుతారు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు ఆ పేరును ఖూనీ చేస్తే, నెస్టా సరిగ్గా పలికేదాకా వదలకుండా నేర్పించి, గేటు దాకా సాగనంపుతుంది. జాబితాలోంచి కొట్టేస్తే ఆ తలుపు కొట్టేవాళ్ళే ఉండరు. ఇద్వల్‌కు ఆ సంగతి బాగా తెలుసు, తెలిసే కొట్టేశాడు. కొట్టేసి, ఆమెకు తనే చెప్పాలని వానలో బయల్దేరాడు.

"ఏమయ్యా, ఇంత వానలో ఎక్కుతావా?" అంది నెస్టా తలుపు తీస్తూ.

"లేదక్కా, నీతో మాట్లాడాలి."

ఆమె టీ పోసి, ఎండుద్రాక్ష రొట్టె ముక్కకు వెన్న రాసి ముందు పెట్టింది. అతను రొట్టె ముట్టకుండా అంతా చెప్పాడు.

"కొండేమైనా కుంగిందా?"

"కొండకేం కాలేదక్కా. నేనే తప్పు చూశాను."

"ఆ తప్పు పట్టుకుందెవరు?"

"అదీ నేనే."

"నువ్వే తప్పు చేసి, నువ్వే పట్టుకుని, నువ్వే మోసుకొచ్చావా? ఇంట్లో వేరే పనేం లేదా నీకు?"

అతనికి నవ్వు రాలేదు. నెస్టా కిటికీలోంచి సందు వైపు చూసింది. సందులో వాన తప్ప ఏమీ లేదు.

"అయితే ఇంకెవరూ రారన్నమాట," అంది.

"ముప్పైకి అందనివాటికి ఇంకో జాబితా ఉందక్కా. అందులో పెడతాను. షానీ పేరుతోనే పెడతాను."

"అది పట్టుకుని ఎక్కేవాళ్ళున్నారా?"

ఉన్నారని ఒక్క అబద్ధం ఆడితే టీ తాగి ఇంటికి పోవచ్చు. అన్ని కొండల్ని కొట్టేసిన మనిషి నోటికి ఆ మాట రాలేదు. "లేరు. నేనొక్కణ్ణే."

నెస్టా అతని మోకాళ్ళ వైపు చూసింది, మొహం వైపు చూసింది. "ఎప్పుడొస్తావు?"

అటక గుర్తొచ్చింది ఇద్వల్‌కు. ఒళ్ళంతా అలసటగా ఉంది.

"శనివారం."

"వస్తే అట్నుంచి అటే ఎక్కిపోకు. తలుపు కొట్టి దారి అడుగు."

"నాకు దారి తెలుసు కదక్కా."

"తెలుసులే. అయినా అడుగు."