మేనమామ ఇంటి నల్లొడ్లు

మైపాడు దాటి ఉప్పుటేరు వెంబడి పోతే మా ఊరు. ఏటి అంచున మాకొక చవుడు కయ్య ఉండేది. వేసవిలో దాని మీద ఉప్పు తెల్లగా తేలేది. ఆ నేలలో ఏ వరి నాటినా ఎర్రబడి చచ్చిపోయేది, ఒక్క నల్లొడ్లు తప్ప. పొట్టు నలుపు, బియ్యం ఎరుపు. గాలికి పడిపోతుంది, ఆలస్యంగా పండుతుంది, బజారులో దాని మొహం చూసేవాడు లేడు. అయినా ఏడాది పొడవునా మా కడుపులు నింపింది అదే.

ఆ విత్తనం అమ్మ పుట్టింటిది. మేనమామ ఊరు ఏటికి అవతలి గట్టున. వాళ్లదీ అలాంటి కయ్యే. ఏటా కోతలయ్యాక మా వడ్లు విత్తనానికి మామ ఇంటికి పోయేవి, మామవి మా ఇంటికి వచ్చేవి. ఎవరి విత్తనం వాళ్లే వేసుకుంటే చేను నీరసిస్తుందని నమ్మకం. "మనుషులకు మేనరికం మంచిది, వడ్లకూ అంతే మే" అనేది అమ్మ. నన్ను మామ కొడుక్కి ఇవ్వాలని అప్పటికే చూస్తూ ఉంది కాబట్టి, ఆ మాటలో మొదటి సగం నాకు ఒళ్లుమంట.

అరవైల చివర్లో ఎక్కువ దిగుబడిచ్చే కొత్తరకం పొట్టి వడ్లు వచ్చాయి. గ్రామసేవకుడు సైకిలేసుకుని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. నాయన సంబరం పట్టలేకపోయాడు. "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఇవే ఆ కొమ్ములు!" అని చవుడు కయ్యలో కూడా అవే నాటించాడు. ఆ ఏడు వానలు దండిగా పడి ఉప్పును కడిగేశాయి. పంట విరగపండింది. అవతలి గట్టునా అంతే. ఇక నల్లొడ్లు ఎవరికి కావాలి?

మామ కోసం ఉంచిన విత్తనం మా గుమ్మిలో అలాగే ఉండిపోయింది. వాళ్లు అడగలేదు, మేమూ అడగలేదు. పురుగు పడుతుందని అమ్మ వాటిని దంపించేసింది. "మనకు కావాల్సింది మీ మామ ఇంట్లో ఉండనే ఉండాది గదా" అంది.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. సముద్రపు నీరు ఏట్లోకి ఎగదన్నింది. పొట్టి వడ్లు నిలువునా మాడిపోయాయి. నాయన కయ్య గట్టున గెనెం మీద కూలబడ్డాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆయనతో అనబోయి, ఆ మొహం చూసి మింగేశాను.

అమ్మ మాత్రం ధైర్యంగానే ఉంది. "మా తమ్ముడు ఉండాడు, పోయి తెస్తా" అని గంప చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మేం పడవ దిగేసరికి గట్టు మీద మామే ఎదురొచ్చాడు. ఆయన భుజం మీద ఖాళీ గోతం.

"నీ కాడికే వస్తా ఉండా అక్కా. మా కయ్యంతా పోయింది. నల్లొడ్లు ఇస్తావని..."

"నా దగ్గర యాడివిరా? దంపిచ్చేసినా. నీ దగ్గర ఉండాయనే గదా!"

"నీ దగ్గర ఉండాయనే గదక్కా నేనూ! పక్క ఊళ్లలో కూడా అడిగొచ్చినా. అందురూ ఇంకొకరి ఇల్లు చూపిస్తా ఉండారు."

అయినా ఇంటికి పోయి కుండలూ, బుట్టలూ, అటకా అన్నీ వెతికాం. గుప్పెడు దొరికినా చాలు, నారు పోసి పెంచుకోవచ్చని అమ్మ ఆశ. ఏమీ దొరకలేదు.

"ఆఖరి గింజలు ఎప్పుడు అయిపోయినాయిరా?" అని అడిగింది.

మామ తల వంచుకుని ఖాళీ గోతం మడవసాగాడు. అత్త వంటింటి గడపలో నిలబడి కొంగు నలుపుకుంటూ చెప్పింది. "జరం తగ్గినాక నువ్వు ఈడికొచ్చి ఉండావే, అప్పుడు వదినా. నోటికేమీ సయించలేదంటివి. నల్లొడ్ల గంజైతే తాగుతావని మీ తమ్ముడే గుమ్మి అడుగు ఊడ్చి తెచ్చినాడు. అడిగి మళ్లీ పోయించుకుంటివి గదా."

అమ్మ అక్కడే చతికిలబడింది. "ఎంత కమ్మగా ఉండిందిరా" అని తమ్ముడి చెయ్యి పట్టుకుని భోరుమంది. మా అమ్మమ్మ పోయిన నాడు కూడా అంతగా ఏడవలేదు. అత్తను ఏమనగలం? ప్రేమతో కాచి పోసింది. తిట్టుకోవడానికి ఒక్క మనిషైనా దొరకనందుకు నా గుండె ఇప్పటికీ మండుతుంది.

తిరుగు పడవలో అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరేదాకా తియ్యలేదు.