జ్ఞానానందం కారు దీపాలు తోమిన వైనం

తవిటమ్మ ఉలవల కుప్ప మీదికి జ్ఞానానందం గారి కారు ఎక్కిన సంగతి సాలూరులో ఇద్దరు చెబుతారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఒకరు జ్ఞానానందం గారు, రెండోవారు ఆయన భార్య దేవమణి గారు. ఆయన చెప్పేటప్పుడు కుప్ప వచ్చి కారుకు అడ్డం పడుతుంది. ఆవిడ చెప్పేటప్పుడు కుప్ప ఉన్నచోటే ఉంటుంది, కారే దాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. ఆవిడ ఆ రోజు పక్క సీట్లోనే ఉన్నారు కాబట్టి ఆవిడ మాటే నమ్మాలనిపిస్తుంది. కానీ ఆ సమయానికి ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారని ఆయన గుర్తుచేస్తారు.

జనవరిలో ఒక బుధవారం జరిగింది ఇది. బుధవారం సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరో ఒకరి ఇంట ప్రార్థన కూటం ఉంటుంది. నడవలేని ముసలమ్మలను, ఒక డోలక్కును, బుట్టెడు టీ కప్పులను తన పాత తెల్ల కారులో సర్దుకుని అక్కడికి తీసుకెళ్ళడం, అయ్యాక ఎవరి గుమ్మం ముందు వాళ్ళను దించడం జ్ఞానానందం గారి పని. ఎవరూ అప్పగించింది కాదు. లారీ నడపడం మానేశాక చేతులు ఊరుకోక ఆయనే నెత్తిన వేసుకున్నారు. వారంలో మిగతా రోజులన్నీ ఆ బుధవారం కోసమే గడిచేవి. మంగళవారం నుంచే టైర్లు తన్ని చూసుకునేవారు.

ఆ రోజు మసక చీకటి పడుతోంది. ఊరి బయట తారురోడ్డు మీద తవిటమ్మ ఉలవ కట్టె పరిచింది. మా వైపు ఇది మామూలే. పీకి తెచ్చిన మొక్కల్ని రోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బళ్ళు తొక్కుకుంటూ పోతాయి, కాయలు పగిలి గింజలు రాలతాయి. దాని మీద బండి పోనిస్తే రైతుకు సాయం చేసినట్టే. తవిటమ్మ ఒక పక్క కట్టె పరిచి, రెండో పక్క అంతకుముందు రాలిన గింజల్ని చెరిగి, రాళ్ళు ఏరి, శుభ్రంగా కుప్ప పోసుకుంది. జ్ఞానానందం గారు పరిచిన కట్టెను జాగ్రత్తగా తప్పించి, చెరిగిన కుప్ప మీది నుంచి పోనిచ్చారు.

ఉలవలు పక్క కాలువ దాకా ఎగిరాయి. కొన్ని కిటికీలోంచి వచ్చి డోలక్కు మీద పడి మోగాయని దేవమణి గారు అంటారు. తవిటమ్మ చేతిలో చేట అలాగే పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది.

"ఏటి డ్రైవరు బావూ, తొక్కమన్నది తొక్కవు, తినీదాన్ని తొక్కినావు? అంత కుప్ప అవుపడనేదా?"

"అవుపడనేదమ్మా," అన్నారు ఆయన.

అబద్ధం ఆడడం చేతకాక అన్న ఆ ఒక్క మాటా మర్నాటికి చీపురుపల్లి చేరింది. అక్కడి ఆసుపత్రిలో జ్ఞానానందం గారి అమ్మాయి రూబీ నర్సు. సెలవు దొరగ్గానే వచ్చింది. అమ్మను పలకరించింది, కాఫీ తాగింది, మేకుకు వేలాడుతున్న కారు తాళం తీసి తన హేండ్‌బేగులో వేసుకుంది. కళ్ళు చూపించుకుని డాక్టరు సరేనన్న రోజున తాళం ఇస్తానంది. పెద్దాయన కళ్ళలో శుక్లాలు వచ్చి ఉంటాయని ఆమె లెక్క.

"నా కళ్ళకేటి? లైట్లే మసకబారిపోనాయి," అన్నారు జ్ఞానానందం గారు.

రూబీ చేతికందిన పాటల పుస్తకం తీసి, ఓ పేజీ తెరిచి, చదవమని ఆయన ముందు పెట్టింది. ఆయన గొంతు సవరించుకుని పల్లవి నుంచి ఆఖరి చరణం వరకు ఒక్క అక్షరం తప్పకుండా పాడేశారు. పాడి, ఇంకేమంటావన్నట్టు కూతురి వైపు చూశారు. పుస్తకం తలకిందులుగా ఉందని రూబీ మెల్లగా చెప్పింది.

అయినా ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. సాయంత్రం పూట నువ్వే నడిపి చూడమని కూతుర్ని సవాలు చేశారు. రూబీ వెళ్ళింది. బైపాసు దాకా కూడా పోలేక, కిటికీలోంచి తల బయటికి పెట్టి నడుపుకుంటూ వెనక్కి వచ్చింది. దీపాలు కూడా బాగాలేవని ఒప్పుకుంది. ఆ మర్నాడు జ్ఞానానందం గారు వీధిలో అందరికీ ఇదే చెప్పారు, ఒక్క 'కూడా' తీసేసి.

దీపాల విషయంలో ఆయనకు అంత ధీమా ఉండడానికి కారణం ఉంది. ముప్పై ఏళ్ళు సాలూరు నుంచి రాయపూరుకు ఘాటు రోడ్డు మీద లారీ నడిపిన మనిషి. కొండెక్కాక హోటలు దగ్గర ఆపితే మిగతా డ్రైవర్లు ముందు టీ తాగేవారు, ఈయన ముందు హోటలు పొయ్యిలోంచి గుప్పెడు బూడిద అడిగి తెచ్చుకునేవారు. బూడిద, కొబ్బరి పీచు, చెంబుడు నీళ్ళు. లారీ దీపాల అద్దాలు తళతళలాడేదాకా తోమి, అప్పుడు టీ. లోయ ఎక్కడుందో ముందు దీపానికి తెలియాలి, తరవాతే డ్రైవరుకు, అనేవారు. లారీ పోయి కారు వచ్చినా ఆ అలవాటు పోలేదు. పెరట్లో వేణ్ణీళ్ళ పొయ్యి బూడిదతో శనివారం శనివారం కారు దీపాలు తోమడం ఇంట్లో అందరికీ తెలిసిందే.

అందుకే దీపాలు చూడడానికి లారీ షెడ్డు నుంచి పెయింటరు సోములు వచ్చినప్పుడు ఆయన ఛాతీ విరుచుకునే నిలబడ్డారు. సోములు వంగి దీపం మీద గోటితో గీరాడు. ఇంకోసారి గీరాడు.

"ఇది అద్దం కాదు మావా, ప్లాస్టిక్కు. దేంతో తోమినావు?"

"బూడిదతోటి."

"పీచెట్టా?"

"మరి సేత్తోటి తోముతార్రా?"

సోములు అరుగు మీద కూర్చుని కాసేపు నవ్వుకున్నాడు. ఎండకు ఈ ప్లాస్టిక్కు ఎలాగూ కాస్త పసుపుపచ్చబడుతుందనీ, దానికి మావ తోముడు తోడై ఈ గతి పట్టిందనీ వివరించాడు. తరవాత షెడ్డు నుంచి కావలసినవి తెచ్చి ఇచ్చి, ఇంట్లోనే చేసుకోవచ్చని పద్ధతి చెప్పాడు. దీపం చుట్టూ రంగు పోకుండా టేపు అంటించాలి. నీళ్ళు పోస్తూ ముందు గరుకు వాటర్ పేపరుతో రుద్దాలి, తరవాత సన్నదానితో, ఆఖరికి ఇంకా సన్నదానితో. మొదటి కాగితం గీతలు పోయేదాకా రెండోది ముట్టకూడదు. ఆపైన పాలిష్ పెట్టి గుడ్డతో రుద్దాలి. ఆరాక, నీడలో, రంగులేని వార్నిషు పల్చగా కొట్టాలి. అది కొట్టకపోతే ఎండ మళ్ళీ తన పని తాను చేసుకుపోతుంది.

రూబీ తరవాతి సెలవు రోజున పని మొదలైంది. వాకిట్లో వేపచెట్టు నీడకు కారు తెచ్చి నిలబెట్టారు. జ్ఞానానందం గారు కాగితాలన్నీ తన వైపు లాక్కుంటుంటే దేవమణి గారు ఇంకో పీట తెచ్చి ఎడమ దీపం ముందు వేసుకున్నారు. ఆయన ఆవిడకు మేనత్త కొడుకు, చిన్నప్పటినుంచీ మొహమాటం లేదు.

"నీ తోముడు సూసినాను బావా. ఒకటి నాకు ఒగ్గీ."

కుడి దీపం ఆయనది, ఎడమ దీపం ఆవిడది అయింది. రూబీ మధ్యలో బకెట్టు, చెంబు పట్టుకుని ఇద్దరికీ నీళ్ళు పోసింది. మొదటి కాగితం నాలుగు రుద్దులు రుద్దేసరికి పసుపు నీళ్ళు కారాయి. ఇంకో నాలుగు రుద్దేసరికి దీపం మజ్జిగలా తెల్లబడింది. జ్ఞానానందం గారి చెయ్యి ఆగిపోయింది.

"ఒలే మణీ, పోనాది. కాసింత అవుపడీది కూడా పోనాది."

దేవమణి గారు తల ఎత్తలేదు. సోములు ఇలాగే అవుతుందన్నాడు కదా అని తన పని తాను చేసుకుంటున్నారు. నీళ్ళు పోయించుకుని, తల అటు వంచి ఒకసారి, ఇటు వంచి ఒకసారి చూసుకుని, గీత మిగిలినచోట మళ్ళీ రుద్దేవారు. ఆయన అలా చూసుకోలేదు. బాగానే ఉందంటూ ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి దాటిపోయి, అందరికంటే ముందు పాలిష్ డబ్బా తెరిచి, అందరికంటే ముందు లేచి నడుం విరుచుకున్నారు.

ఆవిడ గుడ్డతో పాలిష్ తుడిచేసరికి ఎడమ దీపం విచ్చుకుంది. లోపలి వెండి గిన్నె, బల్బు, దాని తీగ, అన్నీ కనిపించాయి. గిన్నె అడుగున ఎప్పుడు దూరిందో ఒక చచ్చిన చీమ కూడా కనిపించింది. రూబీ దాన్ని చూసి, చీమను చూడమని తండ్రిని పిలిచింది. ఆయన వచ్చి వంగి, అవునవును, పెద్దదే అన్నారు.

"ఏ పక్కనుంది నాన్నా?"

ఆయన పైమూల చూపించారు. పోటీలో నెగ్గింది తనేనన్నట్టు తన దీపం దగ్గరికి వెళ్ళి, ఇదీ అలాగే ఉంది కదా అన్నారు. దేవమణి గారు ఆయన చేతివేళ్ళు పట్టుకుని ముందు తన దీపం మీద పెట్టారు. వేళ్ళు జారిపోయాయి. తరవాత ఆయన దీపం మీద పెట్టారు. గరుకు తగిలింది. ఇంకొంచెం పక్కకు జరిపితే అక్కడా గరుకే. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టిన చెయ్యి, దాని మాట ఆయన ఎప్పుడూ కాదనలేదు. ఆ వేళ్ళను అలాగే ఉంచి, తనకు కనిపించని గీతలవైపు చూస్తూ నిలబడిపోయారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వానాకాలం నుంచే ఎదురు బళ్ళ దీపాల చుట్టూ ఆయనకు పీచులాగా వెలుగు చెదిరి కనిపిస్తోందట. రోడ్డూ మసకగానే ఉండడంతో తన కారు దీపాలు మురికిపట్టాయనుకున్నారట. శనివారం తోముడు కాస్తా రోజువారీ తోముడు అయిందట, ఎవరూ చూడకుండా తెల్లవారుజామునే.

"అంటే నీ కంట్లో మసకకి దీపాన్ని తోమినావా బావా?"

"తోమితే పోతాదనుకున్నాను," అన్నారు ఆయన.

దేవమణి గారు నవ్వబోయి ఆపుకున్నారు. రూబీ ఆపరేషను మాట ఎత్తింది. ఆయన బకెట్టులో చెయ్యి కడుక్కున్నారు. తుడుచుకున్నారు. ఆ కాస్త చూపూ పోతే ఇక బుధవారాలు ఎవరో ఎక్కించుకుపోతే వెళ్ళాలి కదా, అదీ ఆయన భయం.

"ఉన్నదీ పోతే?"

"ఇందాకా దీపానికీ ఇదే అన్నావు," అన్నారు దేవమణి గారు. తన దీపం వైపు చూపించారు.

ఆయన ఆ దీపాన్ని చాలాసేపు చూశారు. లారీ బేరాల్లో ఎప్పుడూ ఓడిపోని మనిషి, అప్పుడూ ఒక షరతు పెట్టారు. ముందు ఒక్క కన్నే చెయ్యాలి. రెండోది అలాగే ఉంచాలి. ఈ రెండు దీపాల్లాగ పోల్చి చూసుకున్నాకే మిగతా మాట. డాక్టర్లు ఎలాగూ అలాగే చేస్తారని రూబీకి తెలుసు. అయినా చాలా ఆలోచించి, సరే, అడిగి చూస్తానంది.

కుడి దీపాన్ని మర్నాడు దేవమణి గారు మొదటి కాగితం నుంచి మళ్ళీ రుద్దారు. వార్నిషు రెండింటికీ ఆవిడే కొట్టారు. కన్ను మానేదాకా ప్రార్థన కూటాలన్నీ వాళ్ళింట్లోనే జరిగాయి. ముసలమ్మలను రూబీ వీలైనప్పుడు తెచ్చేది, లేనప్పుడు ఆటోవాడు తెచ్చేవాడు. వాడు డోలక్కు మీద కాళ్ళు పెట్టాడని జ్ఞానానందం గారు నల్ల కళ్ళద్దాల వెనక నుంచి వారం రోజులు బాధపడ్డారు.

మొదటి కంటికి కట్టు విప్పి ఇంటికి రాగానే ఆయన ఇంట్లోకి పోలేదు. పీట వేయించుకుని ఎడమ దీపం ముందు కూర్చున్నారు. ఒక కన్ను మూసి చూశారు, రెండోది మూసి చూశారు. అది మామూలు చీమ కాదనీ, గండుచీమనీ ప్రకటించారు. ఆపైన దేవమణి గారు వదిలేసిన ఒక సన్నగీతను కింది మూలలో పట్టుకుని, సోములును పిలిపించి మరీ చూపించారు. రెండో కంటికి ఎవరూ బతిమాలవలసిన పని లేకపోయింది.

తాళం మళ్ళీ మేకుకు వచ్చేసరికి మినుములు కోతకొచ్చాయి. మొదటి బుధవారం. కారు నిండా ముసలమ్మలు, డోలక్కు, కప్పుల బుట్ట. అదే రోడ్డు, అదే మసక చీకటి. దీపాలు వేయగానే రోడ్డు ముందుకు పరుచుకుంది. అంత దూరాన ఎండిన మినుప కట్టె, అందులో ఏ కాయకు ఆ కాయ విడివిడిగా కనిపించాయి. జ్ఞానానందం గారు బ్రేకు వేసి ఆగిపోయారు. తవిటమ్మ చేట పట్టుకుని వచ్చింది.

"ఏటి బావూ, ఆగిపోనావు?"

"మినుములు అవుపడ్డాయమ్మా."

"అవుపడితే ఎక్కించు. తొక్కుతారనే కదేటి పరిసినాను."

ఆయన గేరు వేయబోయి ఆగారు. కిటికీలోంచి తల బయటికి పెట్టి రోడ్డుకు రెండో పక్క వెతికారు. చెరిగిన కుప్ప ఎక్కడుందని అడిగారు.

"ఇంటికాడుంది. బుధవారం కదా అని ముందే ఎత్తీసినాను," అంది తవిటమ్మ.

జ్ఞానానందం గారు కట్టె మీద నుంచి కారు పోనిచ్చారు. వెనక్కి తెచ్చారు. మళ్ళీ పోనిచ్చారు. ప్రార్థనకు ఆలస్యమవుతోందని వెనక సీట్లోంచి ముసలమ్మలు గొణిగినా, కింద కాయలు చిటపటమని పగులుతుంటే ఆయన ఇంకో రెండుసార్లు తిప్పారు. పక్క సీట్లో దేవమణి గారు ఈసారి కళ్ళు తెరుచుకునే ఉన్నారు.