మన కోసం ఆగే యుద్ధం

శ్రావణికి ముప్పై ఒకటో ఏడు. అప్పటికే ఆరు ఉద్యోగాలు మారింది. హోటల్ రిసెప్షన్‌లో కూర్చుంది, ఒక ప్రైవేటు బళ్లో చిన్నపిల్లలకు హిందీ చెప్పింది, డిగ్లీపూర్‌లో మొబైల్ షాపు చూసుకుంది, మాయాబందర్‌ జెట్టీ దగ్గర టికెట్ల కౌంటర్లో కాంట్రాక్టు మీద పనిచేసింది. ఎక్కడా ఏడాది నిండలేదు. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే అరికాళ్లు దురద పెట్టినట్టుండేది. సాయంత్రానికి మానేసి ఇంటికి వచ్చేసేది.

తండ్రి నూకయ్యకు చేపల వేటకు వెళ్లే సొంత డింగీ, చిన్న ఇంజను పడవ, ఉంది. ఆయన ఈ దీవుల్లోనే, మాయాబందర్లోనే పుట్టాడు. శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి వచ్చింది ఆయన తండ్రి. నూకయ్య తెచ్చిన చేపల్ని తల్లి అప్పలకొండమ్మ మార్కెట్లో అమ్ముతుంది. కూతురు ఉద్యోగం మానేసి వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఒక్కటే మాట అనేది: "నిలకడ నేని గుంటవి."

ఆ నిలకడ లేని మనిషిని కాసేపైనా కూర్చోబెట్టగలిగినవి వీడియో గేములే. బదిలీ అయి వెళ్లిపోతున్న నేవీ ఉద్యోగి దగ్గర కొన్న పాత కంప్యూటరు ముందుగదిలో కిటికీ పక్కన ఉండేది. ఆడిన గేముల గురించి ఫోన్లో మాట్లాడి, రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేది. సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో వంటింట్లోంచి అమ్మ కేకలు. వినేవాళ్లు రెండు వందల మంది కూడా ఉండరు. వాళ్లలో ఒకాయన హైదరాబాద్‌లో ఉండే వాసుదేవ్. గేముల్లోని మాటల్ని తెలుగులోకి తెచ్చే ఒక చిన్న కంపెనీ నడుపుతున్నాడు. జూన్‌లో ఆయనే ఫోన్ చేశాడు.

"మీరు మాట్లాడే పద్ధతి మా వాళ్లకు నచ్చిందమ్మా. మా దగ్గర ఒక ఖాళీ ఉంది. కాకపోతే చిన్న పరీక్ష పెడతాం. యాష్ మెరిడియన్ అని కొత్త గేము వచ్చింది, విన్నారా?"

"విన్నాను సర్. ఓపెన్ వరల్డ్ షూటర్. ఎటు కావాలంటే అటు తిరుగుతూ కాల్చుకోవచ్చు."

"అదే. అందులో ఒక్కరే ఆడుకునే కథ ఉంది కదా, అది మొదటినుంచి చివరిదాకా ఆడాలి. బాగున్నదేంటి, బాగాలేనిదేంటి, తెలుగులో రాసి పంపాలి. నాలుగు వారాల టైము."

"మాట్లాడి పంపితే చాలదా సర్?"

"లేదమ్మా, రాతే కావాలి."

శ్రావణి "సరే సర్" అనేసింది. ఫోన్ పెట్టేశాక గాని అసలు చిక్కు గుర్తురాలేదు. ఆమె తెలుగు చదివింది ఐదో తరగతి దాకానే, ఆపైన అంతా హిందీ మీడియం. అక్షరాలు వచ్చు, ఒత్తులు ఏది ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చిన్నప్పటినుంచి ఎన్ని గేములు ఆడినా, ఒక్కదాని కథ కూడా ఆమె చివరిదాకా ఆడలేదు.

మాయాబందర్‌ నెట్‌లో అంత పెద్ద గేము దిగదు. హార్డ్ డిస్కు సంచిలో వేసుకుని, తెల్లవారకముందే బస్సెక్కి, సాయంత్రానికి పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, షాదీపూర్‌లోని పిన్నిగారింట్లో రెండు రోజులు ఉండి దింపుకుంది. తిరుగు బస్సులో ఆ డిస్కును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి, డ్రైవరు హారన్ కొట్టేదాకా అటూ ఇటూ తిరిగింది.

గేములో కథ ఇది. ఒక గ్రహం పగిలిపోయింది. దాని పెద్ద ముక్క ఒకటి అడవులతో, కొండలతో ఆకాశంలో తేలుతోంది. దానిమీద కూలిన ఓడలో టామ్సిన్ అనే పైలట్ చిక్కుకుపోయింది. ఆమెను కాపాడాలి. శత్రువులు ఒక ఆయుధం తయారుచేశారు, అది పేలితే ఉన్న ముక్క కూడా పోతుంది. ఆడేవాడి చేతిలో తుపాకులతో పాటు కొక్కెం ఉన్న తాడు ఒకటి ఉంటుంది. విసిరితే చెట్టుకో రాతికో పట్టుకుంటుంది, మనిషి గాల్లోకి లేస్తాడు.

ఆ తాడు దొరికిన రోజు శ్రావణి అన్నం తినడం మర్చిపోయింది. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. శత్రువుల కోట ఉంటే ముందు గుమ్మంలోంచి వెళ్లవచ్చు, వెనక కొండమీంచి దూకవచ్చు, వాళ్ల బండి దొంగిలించి దాంతోనే గోడను గుద్దవచ్చు. ఎలా వెళ్లినా శత్రువులు దానికి తగ్గట్టు కదులుతారు. ఒకడు పడితే ఇంకొకడు భయపడతాడు, పక్కవాణ్ని తిడతాడు, పారిపోతాడు. తుపాకీ పేలితే చేతికి బరువు తెలుస్తుంది. ఒక్కో పోరాటం ఒక్కో రకంగా జరిగేది. ఇన్నాళ్లకు తన కాళ్లకు సరిపడా చోటు దొరికిందనుకుంది.

ఒక మధ్యాహ్నం చేపల తట్ట దించి అప్పలకొండమ్మ ఆమె వెనక నిలబడింది.

"ఆ మాటాడతన్న పిల్లెవుర్తే?"

"టామ్సిన్. పైలట్. ఓడలో ఉండిపోయింది, నేనే కాపాడాలి."

"ఎన్నాళ్లయ్యింది?"

"వారం."

"తిండెవులు ఎడతన్నారు దానికి?"

శ్రావణి నవ్వింది. "గేమ్ హై అమ్మా! తిండి గిండి ఉండదు."

"అంత నేల ఉంది. ఒక పొయ్యి నేదు, ఒక ఇల్లు నేదు. బట్టలారేసిన తాడు కూడా నేదు. ఎవుల కోసం కొట్టుకు సస్తన్నారే వీళ్లు?"

తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది కాని ఆ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత శ్రావణి ఎక్కడికి వెళ్లినా మనుషుల కోసం వెతకడం మొదలుపెట్టింది. ఎవరూ లేరు. అక్కడ బతికినవాళ్ల గొంతులు పాత రికార్డుల్లో వినిపిస్తాయి, అంతే. ఆ నేలంతా ఒకటే అడవి, ఒకటే రాయి. కథ ముందుకు నడవాలంటే భూమి లోపలికి దిగాలి. అక్కడ బూడిదరంగు ఇనప గదులు, ఒకటి దాటితే అచ్చం అలాంటిదే ఇంకొకటి. పైన అంత స్వేచ్ఛ ఇచ్చినవాళ్లే లోపల చెయ్యి పట్టుకుని ఒకే దారిన లాక్కుపోతారు. లోపలికి దిగినప్పుడల్లా ఆమెకు టికెట్ల కౌంటరు గుర్తొచ్చేది. పది నిమిషాలు ఆడి, లేచి, వాకిట్లో తిరిగి, మళ్లీ వచ్చేది. చివరికి విసుగెత్తి పైకి పారిపోయి కొండలెక్కేది. గంటలో ఆయుధం పేలుతుందని టామ్సిన్ చెప్పి పదకొండు రోజులైంది. అది పేలలేదు. శ్రావణి ఎప్పుడు పలకరించినా టామ్సిన్ అదే గొంతుతో "నీకోసమే చూస్తున్నా" అనేది.

గేము మొదలుపెట్టిన రెండో వారం, మంగళవారం. తెల్లవారుజామున వేటకు వెళ్లిన నూకయ్య పదకొండింటికల్లా రావాలి. పన్నెండు దాటాక అప్పలకొండమ్మ గుమ్మంలోకి వచ్చింది. బయట వాన పట్టింది.

"మీ అయ్య ఇంకా రానేదే. ఫోను ఎల్లట్లేదు. ఓపాలి జెట్టీ కాడికెల్లి సూసొద్దాం, రా."

శ్రావణి ఒక కోట గోడమీద ఉంది. కింద ఎనిమిదిమంది శత్రువులు. "ఐదు నిమిషాలమ్మా. పాంచ్ మినిట్."

కోట పడ్డాక తలతిప్పి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. గోడ గడియారం చూసింది. నలభై నిమిషాలు గడిచాయి. గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తింది. జెట్టీ దారిలో కాళమ్మ అనే పక్కింటావిడ కనబడి, "మీ అమ్మ ఇల్లిల్లూ తిరిగి బతిమాలి రెండు బోట్లు ఎతకడానికి పంపిందే, నువ్వేడున్నావు?" అని అడిగింది. శ్రావణి ఆగకుండా ఆవిణ్ని దాటుకుని పోయింది.

అప్పలకొండమ్మ జెట్టీ చివర తడుస్తూ నిలబడి ఉంది. పక్కకు వచ్చి నిలబడిన కూతురివైపు చూడలేదు. సముద్రం మీద వాన తెర దట్టంగా ఉంది, ఎదురుగానే ఉండే ఏవిస్ దీవి కూడా కనిపించడం లేదు. ఒంటిగంట అయింది. రెండయింది. శ్రావణి జెట్టీ ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. ఆగడం తెలియని ఆ కాళ్లు ఆ రోజు ఎంత నడిచినా ఒక్క మూర ముందుకు వెళ్లలేదు. ఆ నలభై నిమిషాలు తను కూడా అమ్మతో ఇల్లిల్లూ తిరిగి ఉంటే బోట్లు ఇంకా ముందే బయల్దేరి ఉండేవి. లెక్క అంతే. దాన్ని ఎటు తిప్పినా మారడం లేదు.

నాలుగింటికి, వెతకడానికి వెళ్లినవాళ్లలో జోగులు అనే ఆయన బోటు కనబడింది. దాని వెనక తాడు కట్టిన నూకయ్య డింగీ, అందులో కూర్చుని తలకు తువ్వాలు చుట్టుకున్న నూకయ్య. ఇంజన్లోకి నీళ్లు పోయి ఆగిపోయిందట. తెడ్డు వేసి వేసి అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి. పైకి లాగుతుంటే, "ఏటే అలా సూత్తారు, కోనం సేపలు నాలుగు పడ్డాయి," అన్నాడు.

అప్పలకొండమ్మ ఆయన చేతులకు పసుపు రాసింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది. కూతురికి కంచంలో వడ్డించి అక్కడ పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడూ అంతే. తిట్టి ఉంటే శ్రావణికి ప్రాణం కుదుటపడేది. మాటలే రాకపోయేసరికి ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక, తండ్రి వలను వాకిట్లో పరిచి, చిరుగులు లేనిచోట కూడా వెతికింది. కంప్యూటరు మీద గుడ్డ కప్పేసింది.

మూడోరోజు నూకయ్యే అడిగాడు. "నీ పరీచ్చ ఏటయ్యింది?"

"మానేశాను నాన్నా."

"అదీ మానేసినావా?" ఆయన గొంతులో కోపం లేదు. కట్టు కట్టిన చేతుల వంక చూసుకున్నాడు. "నా ఇంజను ఆగినాది, నీ పరీచ్చ కాదు కదే. ఈపాలికి పూర్తిగా సెయ్యి. ఆ తరవాత వొదిలీ."

వంటింట్లోంచి తల్లి గొంతు వినబడింది, రెండు రోజుల తర్వాత మొదటిసారి. "ఆ ఓడలో పిల్లని బయటికైనా తియ్యి."

శ్రావణి కంప్యూటరు మీది గుడ్డ తీసింది. నాలుగు రోజులు ఇనప గదులే ఆడింది. లేవాలనిపించిన ప్రతిసారీ కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. చివరి గదిలోకి వెళ్లాక తలుపు మూసుకుంది. మళ్లీ బయటి నేలమీదికి రావడానికి లేదు. శత్రు సేనాపతి కథంతా గాల్లో వెలుగుబొమ్మగా కనబడి గొప్పలు చెబుతూనే ఉన్నాడు, చివరికి ఎదురుపడి పది నిమిషాల్లో చచ్చిపోయాడు. టామ్సిన్ బయటికొచ్చింది. ఏదో కొత్త తలుపు తెరుచుకుంది. దాని వెనక ఏముందో చూపించకుండానే గేము తయారుచేసినవాళ్ల పేర్లు పడ్డాయి. "ఇంతేనా?" అంది శ్రావణి పైకే. అయినా మొట్టమొదటిసారి ఒక కథ చివర చూసినందుకు ఆ పేర్లన్నీ అయిపోయేదాకా లేవలేదు.

ఇక రాయాలి. ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేస్తుందని చూసింది. దానికి ఆమె తెలుగు అర్థం కాలేదు, కొక్కెం అంటే కోడి అని రాసింది. శుక్రవారం గడువు. గీతల పుస్తకం తీసి చేత్తో రాయడం మొదలుపెట్టింది. రాసి, కొట్టేసి, లేచి తిరిగి, మళ్లీ రాసి, రెండు రోజుల్లో తొమ్మిది పేజీలు నింపింది. తాడు గురించి, పోరాటాల గురించి మూడు పేజీలు మెచ్చుకుంది. పొయ్యి లేదన్న తల్లి మాటను తల్లి పేరుతోనే రాసింది. ఆరో పేజీలో ఇలా ఉంది:

"గంటలో పేలుతుందన్న ఆయుధం నేను పదకొండు రోజులు కొండలెక్కినా పేలలేదు. టామ్సిన్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆడేవాళ్లకు స్వేచ్ఛ ఇవ్వాలంటే కథ ఆగాలి, అది నాకు తెలుసు. కాని మా నాన్న బోటు చెడిపోయిన రోజు నేను ఐదు నిమిషాలు అన్నాను. నలభై అయ్యాయి. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ గేములో కూడా ఎవరైనా నాతో మాట్లాడడం మానేసి ఉంటే బాగుండేది. అప్పుడు నేను లోపలికి దిగేదాన్ని."

పేజీల ఫోటోలు శుక్రవారం మధ్యాహ్నం పంపింది. నెట్ మూడుసార్లు తెగింది. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. ఫోన్ మోగినప్పుడల్లా నంబరు చూసి పక్కన పెట్టేది. పదమూడో రోజు వాసుదేవ్ చేశాడు.

"మొదటి పేజీలోనే పంతొమ్మిది తప్పులు శ్రావణిగారూ."

"జీ సర్. తెలుసు."

"రాసే ఉద్యోగం ఇవ్వలేను. ఆ నిజం చెప్పాలి. కాని ఆరో పేజీ మా ఆఫీసులో పైకి చదివాం. గేము ఆడి, మా తెలుగు విని, ఎక్కడ అబద్ధంగా ఉందో చెప్పే మనిషి కావాలి. మాటల్లోనే చెప్పండి, రాయక్కర్లేదు. మంచి నెట్ మాత్రం ఉండాలి."

అలా ఆగస్టులో శ్రావణి షాదీపూర్ వచ్చేసింది. పిన్నిగారి మేడమీద గది. ఇది ఆమె ఏడో ఉద్యోగం. మొదటి నాలుగు నెలల్లో రెండుసార్లు మానేస్తానని వాసుదేవ్‌కు మెసేజీ టైపు చేసి, పంపకుండా చెరిపేసింది. అరికాళ్ల దురద ఇప్పటికీ వస్తుంది. అప్పుడు హెడ్‌ఫోన్ తీసి మేడమీద నాలుగు చుట్లు తిరిగి వస్తుంది. ఏడాది నిండి మూడు నెలలైంది.

మొన్న ఒక కొత్త గేములో చేపలమ్మే ముసలావిడ పాత్ర వచ్చింది. సముద్రంలో చిక్కుకున్న కొడుకును వెతకమని ఆవిడ ఆడేవాళ్లను అడగాలి. వాసుదేవ్ వాళ్లు ఆవిడచేత "నాయనా, దయచేసి త్వరపడుము" అనిపించారు. శ్రావణి ఆ ముక్క మళ్లీ మళ్లీ విని ఫోన్ చేసింది.

"ఆవిడ అలా అనదు సర్."

"మరి ఏమంటుంది?"

"కొడుకు సముద్రంలో ఉన్నాడు కదా. ఏమీ అనదు. వాళ్లింటికీ వీళ్లింటికీ తిరుగుతుంది."

"డైలాగు ఉండాలి కదమ్మా."

"అయితే ఒక్క నిమిషం ఉండండి," అని శ్రావణి రెండో ఫోన్లో అమ్మ నంబరు నొక్కింది.