తొమ్మిదో మెట్టు తర్వాత

మా ఫ్లాట్ పై వాటాలోకి కొత్తగా ఒక బస్సు డ్రైవరు దిగాడు. పొద్దున్నే పనికి వెళ్తూ చెక్కమెట్లు దిగుతాడు. వెల్లింగ్టన్ కొండల మీద ఇళ్ళన్నీ చెక్కవే కాబట్టి అతని బూట్ల చప్పుడు మా వంటింటి గోడలోంచే వస్తున్నట్టు ఉంటుంది. టీ కప్పు పట్టుకుని నేను లెక్కపెడతాను. వద్దనుకుంటూనే లెక్కపెడతాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అక్కడికి వచ్చేసరికి నా కుడిచేతి చూపుడువేలు ఏదో మీట నొక్కబోయినట్టు కదులుతుంది. వేలికి ఆ అలవాటు చేసింది రాజేశ్వరి ఆంటీ. దాన్ని మాన్పించాలని చూసిందీ ఆవిడే.

క్రైస్ట్‌చర్చ్ భూకంపానికి ఐదారేళ్ళ ముందు మాట. బాపట్లలో నర్సుగా చేసి వచ్చినదాన్ని, ఇక్కడి రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా ఒక వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. ఆంటీది కాకినాడ. పగలు ఒక ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు చూసేది, మిగతా బతుకంతా నాటకమే. పొట్టి మనిషి, నేతచీర మీద కార్డిగన్, కాళ్ళకు స్పోర్ట్స్ షూస్. ఏటా ఉగాదికి, అంటే ఇక్కడ ఆకులు రాలే రోజుల్లో, ఒక కమ్యూనిటీ హాలు తీసుకుని, ఊళ్ళో ఉన్న కొద్ది తెలుగు కుటుంబాల్లోంచి దొరికినవాళ్ళను పట్టుకొచ్చి తను రాసిన నాటకం వేయించేది. నన్ను ఇండియన్ షాపులో కందిపప్పు బస్తాల దగ్గర పట్టుకుంది.

"యాక్ట్ చేస్తావా, అమ్మాయ్?"

"నాకు భయమాంటీ."

"అయితే సౌండ్ చూసుకో. వినడం వచ్చా?"

"చెవులున్నాయిగా ఆంటీ."

"చెవులు అందరికీ ఉంటాయమ్మా. వినడం వేరు."

మొదటి రోజు ఖాళీ హాల్లో కళ్ళు మూసుకుని కూర్చోమంది. కాసేపయ్యాక ఏం విన్నావో చెప్పమంది. గాలి, ఫ్రిజ్, బయట కారు అన్నాను. "నేను నీ పక్కకొచ్చి కూర్చున్నాను. నా ఊపిరి వినపడలేదూ? సరే, రేపు మళ్ళీ కూర్చో" అంది. అలా పది రోజులు కూర్చోబెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయేది. పదకొండో రోజున హాలుకు అటు చివర నిలబడ్డ మనిషి ఊపిరి కూడా నాకు వినిపించింది. ఆ సాయంత్రం ఒక్కదాన్నే నడిచి వెళ్ళడానికి భయం వేసింది.

ఆ ఏడాది వేసింది హాస్యనాటకం. పేరు 'మేడ మీద మనిషి'. భార్య కింద ఉంటుంది. భర్త మేడ మీద ఉంటాడు, ఒక్కసారీ కనిపించడు. కరెంటువాడొచ్చినా, పెళ్ళివారొచ్చినా పైనుంచి "వస్తున్నా, కాఫీ పెట్టు" అంటాడు, రాడు. చివర్లో మెట్ల మీద అడుగుల చప్పుడవుతుంది. తొమ్మిదో మెట్టు దగ్గర, మనిషి కనబడకముందే కర్టెన్ పడుతుంది. భార్య వేషం ఆంటీది. ఆ గొంతు ఆవిడ భర్త మూర్తి అంకుల్‌ది. నలుగురిలో నోరు విప్పని ఆ మనిషి కోసమే ఆవిడ కనిపించని వేషం రాసింది.

లోకమంతా సీడీల్లోకి వెళ్ళిపోయినా మా హాల్లో ఇంకా క్యాసెట్టే. ఆంటీ ఆఫీసులో ఉన్న ఒక మధ్యాహ్నం వాళ్ళింట్లో అంకుల్ మాటలకూ, మెట్లు దిగే చప్పుడుకూ రికార్డింగ్ పెట్టుకున్నాం. మాటలు బాగానే వచ్చాయి. అడుగులు పాడయ్యాయి, గాలికి కిటికీ కొట్టుకుంది. మళ్ళీ దిగమన్నాను. రెండోసారి కుక్క మొరిగింది. నవ్వుతూనే మూడోసారీ ఎక్కించాను. ఆ దిగడం చక్కగా వచ్చింది, తొమ్మిది మెట్లూ తొమ్మిది మాటల్లా వినిపించాయి. తర్వాత ఆయన ఆఖరి మెట్టు మీద కూలబడి, "అబ్బా... ఆగమ్మా, ఆయాసంగా ఉంది... మీ ఆంటీకి చెప్పకు" అన్నారు. నేను తలూపాను. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

పన్నెండు రోజులకు ఆయన గుండె ఆగిపోయింది.

నర్సును. ఆయాసం వినడం నా వృత్తి. పైగా ఊపిరి వినడం ఆంటీ దగ్గరే నేర్చుకున్నాను, తీరా ఆవిడ మొగుణ్ణే మూడుసార్లు మెట్లెక్కించాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఈ ఒక్క మాట మాత్రం నానింది. ఆ చివరి ముక్క చెరిపేద్దామని రెండుసార్లు టేపు పెట్టాను, చెయ్యి రాలేదు. అంత్యక్రియలయ్యాక ఆంటీ ఆ క్యాసెట్ ఇంటికి అడిగి తీసుకుంది. వారం తర్వాత మొదటికి చుట్టి నా చేతికిచ్చింది. ఆవిడ అంతదాకా వినలేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాటకం మానేద్దామని అందరూ అన్నారు. ఆంటీ వినలేదు. "మీ అంకుల్ ఒప్పుకున్న వేషం అది. ఒప్పుకున్నాక ఎగ్గొట్టే మనిషి కాదాయన" అంది.

రిహార్సళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. స్టేజి మీద మూడు చెక్కమెట్లు, వాటిపైన నల్లగుడ్డ, ఆ గుడ్డ వెనక స్పీకరు. చనిపోయిన మనిషి అక్కణ్ణించి "వస్తున్నా, కాఫీ పెట్టు" అనేవాడు. కరెంటువాడి వేషం వేసినాయన ఆ మెట్ల వైపు వీపు పెట్టడం మానేశాడు. అంతకుముందు ఉత్త కప్పుతో నటించిన ఆంటీ ఇప్పుడు ఇంటి నుంచి ఫ్లాస్కులో నిజం కాఫీ తెచ్చి, పొగలు కక్కుతుండగా మెట్టు మీద పెట్టేది. రిహార్సల్ అయ్యాక ఆ కప్పు కడిగేది నేనే. ఎవరూ తాగిన గుర్తు లేదు. కానీ ఒకటి రెండుసార్లు నిండుగా పెట్టిన కప్పు కొంచెం వెలితిగా కనిపించింది. ఆవిరైపోయి ఉంటుంది అనుకున్నాను. ఇవాళ్టికీ అదే అనుకుంటాను. రోజూ తొమ్మిదో అడుగు పడగానే టక్కున ఆపేసేదాన్ని. ఆంటీ మెట్ల కిందే నిలబడి ఒకసారి నా వైపు చూసేది.

నాటకం ఆదివారం మధ్యాహ్నం. బయట ఉత్తరపు గాలి రేకుల్ని పీకుతోంది. మొదటిసారి "వస్తున్నా" అన్నప్పుడు జనం బిగుసుకుపోయారు. రెండోసారికి ఎవరో పాప నవ్వింది, ఆ తర్వాత అందరూ నవ్వారు. అంకుల్ బతికుండగా ఎవరినీ అంత నవ్వించలేదు. ఇక అడుగులు మొదలయ్యాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. నా వేలు మీట మీదే ఉంది. కర్టెన్ లాగేవాళ్ళు నా వైపు చూస్తున్నారు, టేపు ఆగితేనే వాళ్ళకు సైగ. స్టేజి మీద ఆంటీ కూడా నన్నే చూస్తోంది. నేను నొక్కలేకపోయాను. భయమో, దాచి దాచి విసిగిపోవడమో, తెలియదు.

హాలంతా ఆయన ఆయాసం నిండింది. "అబ్బా... ఆగమ్మా, ఆయాసంగా ఉంది... మీ ఆంటీకి చెప్పకు."

ఆంటీ తడబడలేదు. కప్పు పట్టుకుని ఆఖరి మెట్టు మీద కూర్చుంది. కూర్చుని, కొంచెం పక్కకు జరిగింది, ఇంకొకరికి చోటిస్తున్నట్టు. "చెప్పదులెండి" అంది మెల్లగా. "పాపం, ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. రండి, కాఫీ చల్లారిపోతోంది."

అప్పుడు పదో అడుగు వినిపించింది. స్పీకర్లోంచి కాదు. ఆవిడ పక్కన, చెక్క మీద.

నేను మీట నొక్కాను. కర్టెన్ పడింది. జనం అదంతా నాటకమే అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కర్టెన్ వెనక ఆంటీ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. మూడుసార్లు ఎక్కించానని చెప్పాను. ఆవిడ నా తల నిమిరింది. "మూడుసార్లు కాదు, ఏడాదిగా ఎక్కుతూనే ఉన్నారమ్మా. ఆయాసం నాకు తెలుసు. నాకు తెలియదని ఆయన అనుకోవాలని నేను తెలియనట్టు ఉన్నాను. నేనూ నీలాగే దాచానే పిచ్చిపిల్లా." కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆంటీ అయిపోయింది. "రోజూ ఆయన మాట్లాడబోతుంటే పుటుక్కున ఆపేస్తావేంటి? మనిషి చెప్పేది పూర్తిగా అవనియ్యాలి."

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున టేపు పెట్టి విన్నాను. అడుగులు తొమ్మిదే. గాలికి చెక్క కిర్రుమందని చెబితే నమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ చాలారోజులు అదే చెప్పాను.

రెండేళ్ళ క్రితం, ఆఖరి రోజుల్లో, ఆంటీ నేను నర్సుగా చేస్తున్న వార్డుకే వచ్చింది. ఒక మధ్యాహ్నం, ఎండ మంచం మీద పడుతుండగా, ఊపిరి దూరం దూరంగా తీస్తోంది. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను, ఆవిడ నేర్పినట్టే. ఒక ఊపిరి తర్వాత రెండోది రాలేదు. నాతో ఉన్న నర్సు ఆక్సిజన్ మెషిన్ ఆపబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని "కొంచెం ఆగు" అన్నాను. ఎవరి మంచం దగ్గరైనా అలాగే ఆగమంటాను, వార్డులో నాకు ఆ పేరుంది. చాలాసేపటికి ఆంటీ ఇంకొక్క ఊపిరి తీసింది. మూడు రోజులుగా కదలని మనిషి, ఆ ఊపిరితో పాటు పరుపు మీద కొంచెం పక్కకు జరిగింది. పక్కన ఒక మనిషికి సరిపడా చోటు. ఆ తర్వాత ఊపిరి లేదు.

ఆ చోట్లో దుప్పటి సర్దడానికి నా చెయ్యి పోలేదు. అలాగే వదిలేసి, కాఫీ తేవడానికి వెళ్ళాను. రెండు కప్పులు తెచ్చాను.