పట్టెలు లేని మంచం

ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషి మా నర్సీసా వదిన. బస్సు ఇదిగో వచ్చేస్తోందని ఎవరైనా అంటే, రోడ్డు ఖాళీగా కనిపిస్తున్నా సంచీ భుజాన వేసుకుని నిలబడుతుంది. వయసంతా గ్వాయకిల్ పట్నంలోని డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో బట్టలు ఇస్త్రీ చేస్తూ గడిపింది. కాలరు దగ్గర చిన్న ముడత మిగిలినా ఆమెకు అన్నం సయించదు. మొగుడు రొయ్యల చెరువుల పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకుంటే, "పోనీలే, ఇంట్లో ఒక చొక్కా తగ్గింది" అంది. ఉన్న ఒక్క కూతురు గ్లెండాని ఆ ఇస్త్రీపెట్టె మీదే పెంచింది. ఆ పిల్లకు బాప్తిస్మమప్పుడు ఎత్తుకున్న జ్ఞానతల్లిని నేను. అప్పటినుంచే మేమిద్దరం ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. మా గ్వాస్మో పేటలో ఆమె ఇంటికీ నా చేపల పులుసు కొట్టుకీ మధ్య ఒక్క రేకే అడ్డం. అటు దగ్గితే ఇటు వినబడుతుంది.

ఆ ఏడాది గ్లెండాకు మూత్రపిండాలు చెడిపోయాయి. నర్సీసా వదిన ఆసుపత్రికీ పనికీ పరుగులు పెడుతుంటే, గ్లెండా కూతురు, ఆరేళ్ళ దమారిస్, ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఎవరో పుణ్యాత్ములు ఫోన్ చేసి చెప్పారు. ఎవరో నాకు తెలుసు, నోరు పాడుచేసుకోవడం ఇష్టంలేక పేరు చెప్పడం లేదు. సర్కారు వాళ్ళు వచ్చి పిల్లని పిల్లల ఆశ్రమంలో పెట్టారు. గ్లెండా తన చిన్నప్పటి మంచం మీదే, కాళ్ళు ముడుచుకుని పోయింది. ఇక నర్సీసా వదినకు మిగిలింది ఆ మనవరాలు ఒక్కతే. దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. అదొక్కటే ఆమె కోరిక.

డిసెంబరు మొదట్లో పౌలీనా అనే అధికారిణి ఇల్లు చూడ్డానికి వచ్చింది. పైకప్పు చూసింది, నీళ్ళ డ్రమ్ము చూసింది, నన్ను కూడా నాలుగు ప్రశ్నలు అడిగింది. మంచిపిల్లే. పిల్లకు తనదంటూ ఒక మంచం ఉండాలని, గ్లెండా పడుకున్న ఆ చిన్న మంచమే చాలని, కోడు ఒకటి బిగిస్తే సరిపోతుందని చెప్పింది. జనవరిలో మళ్ళీ వచ్చి చూసి జడ్జికి రాస్తానంది. అంటే పిల్ల సగం ఇంటికి వచ్చేసినట్టే.

కానీ తల్లి పోయిన మంచం మీద బిడ్డను ఎలా పడుకోబెడుతుంది? నర్సీసా వదిన తన కుట్టుమిషను అమ్మేసి, ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద అద్దాల దుకాణంలో గులాబీరంగు మంచం ఒకటి కొంది. మొత్తం ముందే కట్టేసింది. మెడకు టై బిగించుకున్న జెఫర్సన్ అనే గుమాస్తా, ఈ ఏడాది ముగిసేలోపు మంచం ఇంట్లో ఉంటుందని, ఆ పూచీ తనదని చెప్పాడట. ఆమె నమ్మింది. నమ్మకేం చేస్తుంది, వాడు చేతిలో చెయ్యేసి మరీ చెప్పాడు.

ముప్పై ఒకటో తేదీ వచ్చింది. మంచం రాలేదు. ఆ రోజు మా దగ్గర ప్రతి ఇంటివాళ్ళూ పాత ఏడాదిని ఒక ముసలి బొమ్మగా చేసి వీధిలో తగలబెడతారు. పాత ప్యాంటులో రంపపుపొట్టు కూరి, మా వీధి ముసలాణ్ణి నేనే చేశాను. ఆ ఏడు ఇంటికి పట్టిన పీడ ఏదుంటే అది కూడా వాడితోపాటే కాలిపోవాలి. నర్సీసా వదిన ఆ చిన్న మంచాన్ని ఒక్కతే ఈడ్చుకొచ్చి, నా ముసలాణ్ణి దాని మీద పడుకోబెట్టింది.

"వదినా, కొత్తది ఇంకా రాలేదు కదే, ఆగు" అన్నాను.

"రేపో ఎల్లుండో వస్తుంది. దీని మీద చావు కూర్చుని ఉంది వదినా. దీన్ని నా మనవరాలి ఏడాదిలోకి అడుగు పెట్టనివ్వను" అంది.

అలాంటి మంచాన్ని దాచుకునేవాళ్ళు మా వీధిలో ఒక్కరు కూడా లేరు. ఎండిన చెక్క, చూస్తుండగానే బూడిదైంది. ఆమె కాసేపు ఏడ్చి, ముక్కు చీది, కొత్త ఏడాది మంచిగా ఉండాలని అందరికీ ద్రాక్షపళ్ళు పంచింది.

జనవరిలో, మా దగ్గర ఎప్పటిలాగే, వానలు పట్టుకున్నాయి, దుకాణం వాళ్ళ అబద్ధాలూ పట్టుకున్నాయి. ఒకసారి సరుకు లెక్క చూసుకుంటున్నామన్నారు. ఒకసారి లారీ పాడైందన్నారు. ఇంకోసారి కంప్యూటరు ఒప్పుకోవడం లేదన్నారు. ప్రతిసారీ చివర్లో ఒకటే మాట: రేపు తప్పకుండా వస్తుంది, మీరు ఇంట్లోనే ఉండండి, గుర్తింపు కార్డుతో మీరే తీసుకోవాలి, లేకపోతే లారీ వెనక్కి పోతుంది. ఆమె పని మానుకుని గడపలో కుర్చీ వేసుకుని కూర్చునేది. చెప్పాపెట్టకుండా మానేస్తుందని రెండిళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండి, పులుసు గిన్నె దించేసి ఆమెను వెంటబెట్టుకుని దుకాణానికి పోయాను. నాకు నోరు ఎందుకిచ్చాడో దేవుడు, ఆ రోజు పూర్తిగా వాడుకున్నాను. ఒక అమ్మాయి నన్ను మెత్తని సోఫాలో కూర్చోబెట్టి చల్లటి మంచినీళ్ళు ఇచ్చింది. నీళ్ళు మాత్రం అక్కడ చిటికెలో వస్తాయి.

నర్సీసా వదిన ఆదివారాలు ఆశ్రమానికి పోయి పిల్లను చూసి వచ్చేది. మంచం ఏ రంగని అది ప్రతిసారీ అడిగేదట. గులాబీరంగని తెలిసినా మళ్ళీ చెప్పించుకునేదట. ఆశ్రమంలో పిల్లలందరికీ ఆ సంగతి చెప్పేసిందట.

గురువారం పౌలీనా వస్తోందని కబురొచ్చింది. మా ఇంట్లో మంచం ఒకటి తెచ్చి వేస్తానని ముందురోజే నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నర్సీసా వదిన ఒప్పుకోలేదు. దొంగ మంచం చూపించి పిల్లను తెచ్చుకోనంది. పైగా, పొద్దున్నే లారీ బయలుదేరుతుందని జెఫర్సన్ ఫోన్‌లో ఒట్టు పెట్టాడట. వాడి ఒట్టు వరదలో కొట్టుకుపోను.

లారీకంటే పౌలీనా ముందే వచ్చింది. ఖాళీగా ఉన్న మూల చూసింది, రసీదు చూసింది. లారీ వస్తోందంటే, పాపం, కాఫీ తాగుతూ కూర్చుంది. అరటికాయ ఉండలు పెడితే అవీ తింది. చివరికి వీధి మొదట్లో హారన్ మోగింది. బురదలోకి లారీ రాదని డ్రైవరు అక్కడే ఆపేశాడు. నర్సీసా వదిన చెప్పుల్లేకుండా పరిగెత్తింది. అట్టపెట్టెలను నేనూ ఆమే మోసుకొచ్చాం. నవ్వుతోంది, బురద మొహం నిండా చిమ్మినా నవ్వుతూనే ఉంది.

డ్రైవరు కాగితం చాపి సంతకం పెట్టమన్నాడు. పెట్టెలు విప్పి చూసి పెడతానంది. అంత తీరిక లేదు, సంతకం లేకపోతే సరుకు ఎక్కించుకుని పోతానన్నాడు. గుమ్మంలో పౌలీనా నిలబడి చూస్తోంది. నర్సీసా వదిన గబగబా సంతకం పెట్టింది.

లారీ వెళ్ళాక పెట్టెలు విప్పాం. ఒకదాంట్లో తలాపు చెక్క, గులాబీరంగుది, మీద తెల్ల పువ్వులు. రెండోదాంట్లో కాళ్ళవైపు చెక్క. పక్క పట్టెల్లేవు, అడుగు పలకల్లేవు, మేకు కూడా లేదు. నర్సీసా వదిన ఖాళీ అట్టపెట్టెను తలకిందులు చేసి దులిపింది. మళ్ళీ దులిపింది. పట్టెలు అందులో దాక్కుంటాయా ఎక్కడైనా!

నేను మా ఇంటి మంచం తెచ్చేస్తానని లేచాను. పౌలీనా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ ఇంటినుంచి నా కళ్ళముందే మోసుకొచ్చిన మంచాన్ని పిల్లదని నేను ఎలా రాసేదమ్మా? రేపు సాయంత్రం కాగితాలు జడ్జిగారి దగ్గరికి పోతాయి. ఆలోపు మంచం నిలబెట్టి నాకు ఫోన్ చెయ్యండి. నేనే వస్తాను" అంది.

శుక్రవారం దుకాణం తలుపు తీసే వేళకే వెళ్ళాం, మూసేదాకా ఉన్నాం. జెఫర్సన్ కాగితం తీసి చూపించాడు. సరుకంతా పూర్తిగా, మంచి స్థితిలో అందిందని అచ్చు వేసి ఉంది. కింద నర్సీసా వదిన సంతకం. అన్నీ ముట్టాయని రాసిచ్చాక పట్టెలు ఎక్కడినుంచి తెమ్మంటారని అడిగాడు. మేనేజరు సోమవారం వస్తాడట. నేను చెయ్యెత్తాను కూడా, కాపలావాడు అడ్డం వచ్చాడు. నర్సీసా వదిన మాత్రం ఆ కుర్రాడికి దణ్ణం పెడుతూ నిలబడింది.

కాగితాలు వెళ్ళిపోయాయి. పిల్లను కొండల మీద లోహా అనే ఊళ్ళో, పిల్లల్లేని ఒక జంటకు ఇచ్చారు. మంచివాళ్ళేనట. ఇల్లుందట, మంచముందట. ఇప్పుడు నెలకోసారి ఫోన్ చేయిస్తారు. మొదట్లో అమ్మమ్మా అని ఏడ్చేది. ఇప్పుడు బాగున్నారా అని అడుగుతోంది. అండీ గిండీ నేర్చుకుంది మహాతల్లి.

నా పోరు పడలేక నర్సీసా వదిన వినియోగదారుల ఫిర్యాదుల ఆఫీసుకు కూడా వచ్చింది. చెప్పిన గడువుకు సరుకు ఇవ్వకపోతే డబ్బు తిరిగి అడిగే హక్కు మనకుందని అక్కడి పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. చెప్పడం అయ్యాక దుకాణం లాయరు ఆ కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే బాబూ."

లాయరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దుకాణం తరఫున జాలితో ఒక కూపను ఇస్తామన్నాడు. ఇంకోసారి ఏదైనా కొంటే ధర తగ్గిస్తారట. పెద్దాయనకు సిగ్గేసినట్టుంది, నర్సీసా వదిన వైపు తిరిగి, అసలు మీకేం కావాలో చెప్పండమ్మా, రాస్తాను అన్నాడు.

"పిల్ల కావాలి" అంది.

ఆయన రాయబోయిన కలం పైకెత్తాడు. అది ఈ ఆఫీసులో ఇచ్చేది కాదని చెప్పి కలం మూత పెట్టాడు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. మళ్ళీ నేనే పొట్టు కూరి వీధి ముసలాణ్ణి చేశాను. ఆ చెక్కలు రెండూ ఆమె గదిలో, ఆ మూలనే, మంచం పట్టేంత చోటు మధ్యలో వదిలి ఎదురెదురుగా గోడకు ఆనించి ఉన్నాయి. పీడ వదలాలంటే వీటినే ముందు తగలబెట్టాలని, తలాపు చెక్కను పట్టుకుని లాగాను.

నర్సీసా వదిన అటువైపు అంచు పట్టుకుంది. బక్కమనిషి, అంత బలం ఎక్కడిదో.

"వదల్లేవా వదినా" అన్నాను.

"పోయినేడు ఉన్న మంచం కాల్చుకున్నాను. ఇది కూడా కాల్చేస్తే, రేపు పట్టెలొచ్చి పిల్లొస్తే, ఎక్కడ పడుకోబెట్టను?" అంది.

నేను చెక్క వదిలేశాను. ఆమె దాన్ని మళ్ళీ గోడకు ఆనించి, పువ్వుల మీద దుమ్ము గౌను అంచుతో తుడిచింది.